చేతికి వాద్యం ఇచ్చిన తర్వాత: ప్రాథమిక బడుల్లో సంగీత బోధన

ప్రాథమిక బడిలో సంగీతం ఉండాలా అని అడిగితే వద్దనేవారు దాదాపు కనిపించరు. పేచీ అంతా ఆ తర్వాత మొదలవుతుంది. పాటతో మొదలుపెట్టాలా, వాద్యంతోనా? వాద్యమైతే తరగతి మొత్తానికా, ఆసక్తి చూపిన నలుగురికా? ఒక ఏడాది చాలా, అయిదేళ్ళు కావాలా? అసలు ఎందుకోసం: సంగీతం రావడానికా, లెక్కల్లో మార్కులు పెరగడానికా, అల్లరి తగ్గడానికా? ఇవి వేరువేరు ప్రశ్నలు. చర్చలో మాత్రం ఒకదానికి దొరికిన జవాబును మరొకదానికి అతికించడం అలవాటైపోయింది. మెదడు మీద జరిగిన ఏదో పరిశోధన చూపించి కీబోర్డులు కొనమంటారు కొందరు. గురుశిష్య సంప్రదాయం చూపించి, ముప్పైమందికి ఒకేసారి వాద్యం నేర్పడం కుదిరే పని కాదంటారు మరికొందరు. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే ఇద్దరూ జవాబు చెబుతున్నది ఒకే ప్రశ్నకు కాదు.

ఈ చర్చకు వందేళ్ళు దాటింది. ఏ పద్ధతి గొప్పదన్న దాని మీద పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి. పిల్లల చేతికి వాద్యం ఇచ్చాక రెండో ఏడాది ఏం జరగాలన్న దాని మీద మాత్రం ఆలోచన పల్చగానే ఉంది. దేశదేశాల్లో పెద్ద పథకాలు తడబడింది అక్కడేనన్నది ఈ సమీక్షలో పదేపదే ఎదురయ్యే సంగతి.

బడిలోకి వాద్యం వచ్చిన దారి

బడి సంగీతం అంటే తొలుత పాటే. అమెరికాలోని బోస్టన్‌లో లోవెల్ మేసన్ పట్టుదల వల్ల 1838లో ప్రభుత్వ పాఠశాలల్లో సంగీతం పాఠ్యాంశమైంది. అక్కడ నేర్పింది గానమే. చర్చిలో జనం శ్రుతిలో పాడగలగాలన్నది ఆ ఉద్యమం వెనకున్న కోరికల్లో ఒకటి. ఇంగ్లండులోనూ జాన్ కర్వెన్ ప్రచారం చేసిన డో-రే-మి పద్ధతితో పందొమ్మిదో శతాబ్దపు తరగతి గదులు పాటలతోనే గడిపాయి. అరవైమందికి ఒక్క పంతులు ఉన్నచోట ఖర్చు లేకుండా దొరికేది గొంతు ఒక్కటే.

వాద్యం పెద్ద ఎత్తున బడి గడప తొక్కడానికి కారణం సిద్ధాంతం కాదు, వాయిదాల బేరం. 1890ల చివర ఇంగ్లండులోని మెయిడ్‌స్టన్ పట్టణంలో ఒక బడిలో వయొలిన్ తరగతులు మొదలయ్యాయి. మర్డాక్ అనే వాద్యాల కంపెనీ పిల్లలకు వారం వారం కట్టుకునేలా చవకగా వయొలిన్లు అందించింది. పాఠాలు విడివిడిగా కాదు, గుంపుగా. 1909 నాటికి బ్రిటన్ ప్రభుత్వ బడుల్లో సుమారు 4 లక్షల మంది, అంటే దాదాపు పదిమందిలో ఒకరు, ఈ తరగతుల్లో ఉన్నారని చరిత్రకారుల లెక్క. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో వేలాది పిల్లలు ఒకేసారి వయొలిన్ వాయించే కచేరీలు జరిగాయి. బోస్టన్ నుంచి ఆల్బర్ట్ మిచెల్ వెళ్ళి చూసొచ్చి అదే పద్ధతిని తన ఊరి బడుల్లో ప్రవేశపెట్టాడు. అమెరికా బడుల్లో ఈనాటికీ బలంగా ఉన్న ఆర్కెస్ట్రా తరగతులకు ఇదొక మూలం. పుట్టినచోట మాత్రం తర్వాతి దశాబ్దాల్లో ఆ ఉద్యమం చల్లబడింది. గుంపుగా వాద్యం నేర్పడం అసాధ్యమనే వారికి మెయిడ్‌స్టన్ ఉదంతం ఒక జవాబు. నేర్పినదాన్ని నిలబెట్టడం ఎంత కష్టమో చెప్పడానికీ అదే ఉదాహరణ.

ఆ తర్వాత వచ్చినది రికార్డర్, నోటితో ఊదే నిలువు పిల్లనగ్రోవి. 1930లలో ఎడ్గర్ హంట్ వంటివారు దాన్ని బ్రిటిష్ బడులకు పరిచయం చేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్లాస్టిక్‌తో తయారుకావడంతో అది ప్రపంచమంతా పాకింది. జపాన్‌లో నేటికీ చిన్న తరగతుల పిల్లలు గొట్టంతో ఊదుతూ మెట్లు నొక్కే చిన్న కీబోర్డు హార్మోనికాతో మొదలుపెట్టి, మూడో తరగతిలో రికార్డర్‌కు మారతారు. కెనడాలోని హాలిఫాక్స్‌లో 1960లలో చామర్స్ డోన్ నాలుగు తీగల యుకలేలిని ఎంచుకున్నాడు. ఎంపిక ఏదైనా వెనకున్న తర్కం ఒకటే: చవక, చిన్న చేతికి సరిపోవాలి, తొందరగా ఒక పాట పలకాలి.

గొంతు ముందా, చేయి ముందా

ఇరవయ్యో శతాబ్దంలో మూడు పెద్ద బోధనా మార్గాలు స్థిరపడ్డాయి. శరీర కదలిక మీద ఆధారపడిన స్విస్ గురువు డాల్‌క్రోజ్ పద్ధతి నాలుగోదిగా ఉన్నా, అది వాద్యం జోలికి నేరుగా రాదు. అసలు వివాదం మిగతా మూడింటి మధ్యే.

హంగరీ స్వరకర్త జోల్తాన్ కొడాయ్ మాట సూటిగా ఉంటుంది: అందరికీ పుట్టుకతో వచ్చిన వాద్యం గొంతు. స్వరం ముందు చెవిలో, గొంతులో నిలవాలి. తర్వాతే వేళ్ళకు పని. తమ దేశపు జానపద గీతాలే పాఠాలుగా, చేతి సైగలతో స్వరస్థానాలు చూపుతూ ఆయన అనుచరులు పాఠ్యక్రమం తయారుచేశారు. 1950లో కొడాయ్ పుట్టిన ఊరు కెచ్‌కెమేత్‌లో రోజూ గానం నేర్పే ప్రాథమిక పాఠశాల మొదలైంది. వాద్యంతో మొదలుపెట్టిన పిల్లవాడు వేళ్ళతో మీట నొక్కడం నేర్చుకుంటాడే గాని సంగీతం వినడం నేర్చుకోడన్నది ఈ వర్గం ఆక్షేపణ.

జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ దారి వేరు. 1924లో మ్యూనిక్‌లో డొరొథే గుంటర్‌తో కలిసి స్థాపించిన పాఠశాలలో నృత్యం, వాద్యం ఒకే గదిలో నడిచాయి. తర్వాతి కాలంలో గునిల్డ్ కేట్‌మన్‌తో కలిసి ఆయన రూపొందించిన పిల్లల సంగీత సంపుటాలు 1950లలో వెలువడ్డాయి. ఈ పద్ధతిలో చప్పట్లు, తొడల మీద దరువు, చిన్న డోళ్ళు, పలకలు ఊడదీయగల జైలోఫోన్లు ముఖ్యం. ‘మ’, ‘ని’ పలకలు తీసేస్తే మిగిలేవి అయిదు స్వరాలు, మనకు మోహన రాగంలో వినిపించేవే. ఏ పలక మీద కొట్టినా కర్ణకఠోరంగా ఉండదు. తప్పు వాయిస్తానేమోనన్న భయం ముందే తొలగిపోతుంది. పిల్లవాడు మొదటి రోజే తనంతట తాను ఏదో కల్పించి వాయించగలడు. ఈ చిన్న చాతుర్యం ముప్పైమంది ఏడేళ్ళ పిల్లల గదిలో ఎంత పనిచేస్తుందో ఆ తరగతులు నడిపినవారికే తెలుస్తుంది. దీని మీద విమర్శ కూడా అక్కడి నుంచే పుట్టింది: తప్పే జరగని చోట చెవి పదునెక్కేది ఎలా?

జపాన్ వయొలిన్ గురువు షినిచి సుజుకి 1946లో మాత్సుమోతోలో మొదలుపెట్టినది మూడో దారి. పిల్లలు మాతృభాష నేర్చుకునే తీరులోనే సంగీతమూ నేర్వగలరని ఆయన నమ్మకం. రోజూ వినడం, విన్నదాన్ని అనుకరించడం, స్వరలిపి చాలా తర్వాత. మూడు నాలుగేళ్ళ వయసుకే చేతికి సరిపోయే చిట్టి వయొలిన్. అమ్మో నాన్నో పాఠానికి వచ్చి కూర్చోవడం, ఇంట్లో సాధన చేయించడం తప్పనిసరి. 1964లో సుజుకి పదిమంది పిల్లలను వెంటబెట్టుకుని ఫిలడెల్ఫియాలో అమెరికా సంగీత ఉపాధ్యాయుల ముందు వాయింపజేశాక ఆ దేశంలో ఈ పద్ధతి ఒక కెరటంలా లేచింది. చదివి వాయించే శక్తి ఆలస్యంగా వస్తుందనేది దీని మీద పాత ఫిర్యాదు. అంతకంటే గట్టి ఇబ్బంది మరొకటుంది. సాయంత్రం గంటసేపు పిల్ల పక్కన కూర్చునే తీరిక ఉన్న ఇళ్ళకే ఇది సరిపోతుంది. కూలికి వెళ్ళి పొద్దుగూకాక వచ్చే తల్లి సుజుకి ఊహించిన తల్లి కాదు.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా వాద్యంలో కంటే క్రమంలో ఉంది. కొడాయ్ వర్గానికి గొంతు, లిపి, వాద్యం అనే వరుస. సుజుకి వర్గానికి చెవి, వాద్యం, లిపి. ఓర్ఫ్ వర్గానికి శరీరం, వాద్యం, కల్పన. లిపి వచ్చినా రాకున్నా వారికి పెద్ద పట్టింపు లేదు. ఖర్చు చూస్తే కొడాయ్ అందరికంటే చవక, సుజుకి ఖరీదు. గురువుకు కావలసిన నైపుణ్యం చూస్తే మాత్రం చవకైన కొడాయ్ పద్ధతే కష్టం. శ్రుతిశుద్ధమైన గొంతు లేని ఉపాధ్యాయుడి చేతిలో అది ఒక్క వారం కూడా నిలవదు. చవక అనే మాటకు ఈ లెక్క కలపడం చాలామంది మరిచిపోతారు.

మన సంప్రదాయం ఎటువైపు?

కర్ణాటక సంగీత బోధన పురందరదాసు పేరుతో స్థిరపడిన క్రమంలో సాగుతుంది. మాయామాళవగౌళలో సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, ఆపై గీతాలు. వీణ నేర్చుకున్నా వయొలిన్ నేర్చుకున్నా ముందు పాడించడం రివాజు, ఎందుకంటే వాద్యం పలకవలసినది గాత్రాన్నే. ఇంతవరకు ఇది కొడాయ్‌కి చుట్టం. గురుముఖతః విని, అనుకరించి, వందసార్లు వల్లించే పద్ధతి మాత్రం సుజుకికి దగ్గర. అందువల్ల మన పద్ధతిని ఏదో ఒక పాశ్చాత్య శిబిరంలో కూర్చోబెట్టే ప్రయత్నాలు నిలవవు.

పేచీ వచ్చేది గమకం దగ్గర. కీబోర్డు, హార్మోనియం మెట్ల వాద్యాలు. స్వరాన్ని నొక్కగలవు, ఊపలేవు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని తన ప్రసారాల నుంచి తప్పించి, 1971 దాకా ఆ నిషేధాన్ని కొనసాగించడానికి ఈ వాదమూ ఒక కారణం. పిల్లల విషయంలో ఈ పట్టుదల కొంత సడలించవచ్చని నాకనిపిస్తుంది. సరళీ వరుసలు వల్లించే రెండో తరగతి పిల్లకు ముందు కావలసినది షడ్జం, పంచమం చలించకుండా నిలవడం. ఆ పనికి హార్మోనియం బాగానే పనికొస్తుంది. ఎదురు వాదానికీ బలం లేకపోలేదు: చెవి లేతగా ఉన్నప్పుడు పట్టిన మెట్ల సంగీతం తర్వాత వదలదు.

ఈ తర్కవితర్కాల్లో ఒక సంగతి కనుమరుగవుతోంది. మన బడుల్లో హార్మోనియం ఉన్నా, అది చాలావరకు మాస్టారి ముందు ఉంటుంది. పిల్లలు దాని వెంట పాడతారు. ఉదయపు ప్రార్థన, ఆగస్టు 15 పాట, వార్షికోత్సవం. దాన్ని వాద్య బోధన అని లెక్కలో చూపించుకోవడం సరికాదు. పిల్ల వేలు మెట్టు మీద పడినప్పుడే ఈ వ్యాసం మాట్లాడే ప్రశ్న మొదలవుతుంది.

పరికరం పెట్టే షరతులు

సిద్ధాంతాలు ఎలా ఉన్నా, పరికరం తన షరతులు తాను పెడుతుంది. ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య ముందు పళ్ళు ఊడి వస్తాయి. పెదవుల పట్టు కావలసిన ఊదుడు వాద్యాలు అప్పుడు మొదలుపెడితే పిల్ల విసిగిపోతుంది. వేణువుకు వేళ్ళ మధ్య ఎడం కావాలి, గాలిని అదుపు చేసే ఊపిరి కావాలి. ఎనిమిదేళ్ళకు ముందు తొందరపడనివారే ఎక్కువ. వీణ సంగతి చెప్పనక్కర్లేదు. బొబ్బిలిలో పనసకర్రతో చెక్కే వీణ ఎంత అందమైనదైనా మూడో తరగతి పిల్ల ఒడిలో ఇమడదు. వయొలిన్ పదహారో వంతు నుంచి నిండు కొలత దాకా దొరుకుతుంది. కానీ ఏడాదికో రెండేళ్ళకో కొలత మార్చాలి.

ఆపైన శ్రుతి. ముప్పై వయొలిన్లను శ్రుతి చేసేసరికి నలభై నిమిషాల పీరియడులో సగం గడిచిపోతుంది. తీగ తెగితే ఎవరు మారుస్తారు? పక్క గదిలో తెలుగు పాఠం నడుస్తుంటే శబ్దం మాటేమిటి? ఊదుడు వాద్యాలు ఒకరి నోటి నుంచి ఒకరికి మారితే శుభ్రత? ఇలాంటివి విధాన పత్రాల్లో కనిపించవు. పథకాలు మూలపడేది మాత్రం వీటివల్ల కూడా. ఓర్ఫ్ పలకలు, కీబోర్డులు, డోళ్ళు ప్రపంచమంతా బడుల్లో నిలదొక్కుకోవడానికి వాటి వెనకున్న తత్త్వం కంటే, వాటిని రోజూ శ్రుతి చేయనక్కర్లేకపోవడమే పెద్ద కారణమనుకుంటాను.

‘ప్రతి బిడ్డకూ ఒక వాద్యం’: వాగ్దానాలు, ఫలితాలు

2000లో ఇంగ్లండు విద్యామంత్రి డేవిడ్ బ్లంకెట్ ఒక మాట ఇచ్చాడు: కోరుకున్న ప్రతి ప్రాథమిక పాఠశాల బిడ్డకూ క్రమంగా వాద్యం నేర్చుకునే అవకాశం కల్పిస్తామని. 2001 శ్వేతపత్రంలో అది చేరింది, 2002 నుంచి ప్రయోగాలు మొదలయ్యాయి. తరగతి మొత్తానికి ఒకే రకం వాద్యం ఇచ్చి, వాద్య నిపుణుడు, తరగతి ఉపాధ్యాయుడు కలిసి నేర్పడం దీని పద్ధతి. ఎక్కువగా ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకు. ఇంట్లో ఎన్నడూ వయొలిన్ గాని బాకా గాని చూడని వేలాది పిల్లలు ఈ విధంగా వాటిని పట్టుకున్నారు. ఎంపిక చేసిన కొద్దిమందికే వాద్యం అనే పాత ఆచారాన్ని ఇది కదిలించింది. ఆ ఘనత తక్కువది కాదు.

2011లో డారెన్ హెన్లీ సమీక్ష, దాని వెంట జాతీయ సంగీత విద్యా ప్రణాళిక వచ్చాయి. 2012 నుంచి ప్రాంతీయ సంగీత కేంద్రాలకు బాధ్యత అప్పగించారు. కనీసం ఒక టర్ము పాటు తరగతి వాద్య బోధన ఉండాలన్నారు. లోపం ఆ ‘కనీసం’లోనే ఉంది. ఒక టర్ము అంటే పది పన్నెండు వారాలు. వాద్యాన్ని పట్టుకోవడం కుదిరేసరికి అది చేతి నుంచి వెళ్ళిపోతుంది. ఉచిత పాఠం ముగిశాక కొనసాగాలంటే ఇంటివాళ్ళు ఫీజు కట్టాలి. అక్కడ మళ్ళీ ఆ కొద్దిమందే మిగులుతారు. తలుపు అందరికీ తెరిచి, లోపలి గదికి టిక్కెట్టు పెట్టినట్టయిందని విమర్శకులు అన్నది అందుకే. 2022లో కొత్త ప్రణాళిక వచ్చినా ఈ మెలిక పూర్తిగా విడలేదు.

జర్మనీ అనుభవం దీనికి అద్దంలా సరిపోతుంది. 2003లో బోఖుమ్ నగరంలో మొదలై, 2007లో రూర్ పారిశ్రామిక ప్రాంతమంతా విస్తరించిన పథకం పేరే ‘ప్రతి బిడ్డకూ ఒక వాద్యం’. 2010లో ఆ ప్రాంతం ఐరోపా సాంస్కృతిక రాజధాని కావడానికి జరిగిన సన్నాహాల్లో అది భాగం. మొదటి ఏడాది పిల్లలు రకరకాల వాద్యాలను తాకి చూస్తారు, ఉచితం. రెండో ఏడాది నచ్చినదాన్ని ఎంచుకుని చిన్న బృందంలో నేర్చుకుంటారు. మూడు, నాలుగు ఏళ్ళలో కలిసి వాయించడం. ఎంతో ఆలోచించి కట్టిన మెట్లే. కానీ రెండో మెట్టు దగ్గర రుసుము పెట్టారు, ఏటేటా పిల్లల సంఖ్య తగ్గుతూ వచ్చింది. 2015లో పథకాన్ని మార్చి, వాద్యంతోపాటు నృత్యం, గానం కూడా ఎంచుకునే వీలు కల్పించారు. వాద్యం ఒక్కటే దారి కాదని ఒప్పుకున్నట్టే.

వెనెజువేలాది పూర్తిగా మరో తీరు. 1975లో హోసే ఆంతోనియో అబ్రేయూ ప్రారంభించిన ‘ఎల్ సిస్టెమా’లో పిల్లలు బడి అయ్యాక వారంలో అనేక రోజులు, గంటల తరబడి, ఏళ్ళ తరబడి ఆర్కెస్ట్రాలో వాయిస్తారు. పాఠం ఉచితం, వాద్యం ఉచితం. గుస్తావో దుదమేల్ వంటి ఆర్కెస్ట్రా నిర్దేశకుడు ఆ బడుల నుంచే వచ్చాడు. రెండో ఏడాది ఏమిటన్న ప్రశ్న అక్కడ తలెత్తదు. దాని బదులు వేరేవి తలెత్తాయి. 16 కేంద్రాల్లో 2,914 మంది పిల్లలతో జరిగిన పరిశీలన 2017లో ప్రచురితమైంది. స్వీయ నియంత్రణ కొంత మెరుగుపడింది, ప్రవర్తనలోని ఇబ్బందులు కొంత తగ్గాయి. అయితే చేరినవారిలో పేదల వాటా ఆ ప్రాంతాల సగటు కంటే బాగా తక్కువ. 2014లో జెఫ్రీ బేకర్ రాసిన పుస్తకం మరింత ఘాటుగా విమర్శించింది: కట్టుదిట్టమైన క్రమశిక్షణ, పైనుంచి కిందికి ఆజ్ఞలు, పిల్లల సొంత కల్పనకు చోటు లేకపోవడం. ఈ విమర్శలో ఓర్ఫ్ వర్గపు పాత మాట వినిపిస్తుంది.

తెలివి అనే ఎర

ఈ చర్చను అన్నిటికంటే ఎక్కువ చిక్కుపరిచినది 1993లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక చిన్న వ్యాసం. 36 మంది కళాశాల విద్యార్థులు పది నిమిషాలు మొజార్ట్ సంగీతం విన్నాక, ఆకారాలను మనసులో తిప్పి చూసే పరీక్షలో కాసేపు మెరుగ్గా రాణించారు. అంతే. అందులో పసిపిల్లలు లేరు, వాద్యం లేదు, ఫలితం పావుగంట దాటలేదు. అది ‘సంగీతంతో తెలివి పెరుగుతుంది’గా మారి, 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతపు సీడీ ఇవ్వడానికి బడ్జెట్టులో డబ్బు అడిగేదాకా వెళ్ళింది. మన పట్టణాల్లో కీబోర్డు క్లాసుల కరపత్రాల మీద మెదడు బొమ్మ ఇప్పటికీ కనిపించడం ఆ పుకారు పుణ్యమే.

దీనికంటే పద్ధతిగా జరిగిన పని గ్లెన్ షెలెన్‌బర్గ్‌ది. టొరంటోలో 144 మంది ఆరేళ్ళ పిల్లలను కీబోర్డు, గానం, నాటకం, ఏమీ లేకపోవడం అనే నాలుగు గుంపులుగా విడదీసి ఏడాది చూశాడు. 2004లో వచ్చిన ఫలితం: సంగీతం నేర్చిన గుంపుల్లో ఐక్యూ సగటున 7 పాయింట్లు, మిగతావారిలో 4.3 పెరిగింది. తేడా ఉంది, చిన్నది. నాటకం నేర్చినవారిలో సామాజిక ప్రవర్తన మెరుగుపడిందన్నది అదే వ్యాసంలోని ఇంకో ఫలితం. సంగీతం పక్షాన మాట్లాడేవారు దాన్ని ఎత్తరు. ఇంగ్లండులో 19 బడుల్లో 909 మంది పిల్లలతో జరిపి, 2015లో నివేదిక వెలువరించిన ప్రయోగంలో సంగీత పాఠాలు విన్నవారికీ, నాటక పాఠాలు విన్నవారికీ లెక్కల్లో, చదువులో తేడా కనిపించలేదు.

2020లో జోవానీ సాలా, ఫెర్నాండ్ గోబే 54 అధ్యయనాలను, సుమారు 7,000 మంది పిల్లల సమాచారాన్ని కలిపి చూశారు. పోల్చే గుంపుకు కూడా ఏదో ఒక కార్యకలాపం ఇచ్చిన గట్టి అధ్యయనాల్లో సంగీతం ప్రభావం దాదాపు సున్నా అని తేల్చారు. రెండేళ్ళకు ఇమాన్యుయేల్ బిగాన్, బార్బరా టిల్‌మన్ అదే సమాచారాన్ని వేరేగా విశ్లేషించి, చిన్నదైనా ప్రభావం ఉందన్నారు. వివాదం అక్కడే నిలిచింది. వీటి మధ్య ఎవరూ అంతగా పట్టించుకోని ఒక సంగతి ఉంది. లాస్ ఏంజలెస్‌లోని పేద వాడల పిల్లల మీద నీనా క్రౌస్ బృందం చేసి 2014లో ప్రచురించిన పనిలో, మాటల ధ్వనులను మెదడు పట్టే తీరులో మార్పు ఒక ఏడాది శిక్షణ తర్వాత కనిపించలేదు. రెండేళ్ళకు కనిపించింది. బృందం చిన్నది కాబట్టి దాని మీద మేడలు కట్టలేం. కానీ పది వారాల పథకాలకు మెదడు శాస్త్రం పేరు తగిలించేవారు చూడవలసిన ఫలితం ఇది.

మార్కుల కోసం సంగీతం అనే వాదం సంగీతానికే చేటు. మార్కులు పెరగలేదని తేలిన రోజున పీరియడు తీసేయడానికి అదే సాకవుతుంది. శ్రుతి భేదం పట్టడం, లయ తప్పకుండా నిలవడం, పక్కవాడు వాయించేది వింటూ తాను వాయించడం: ఇవి వస్తాయనడంలో ఎవరికీ పేచీ లేదు. బడి పెట్టుకోవడానికి ఆ మాత్రం చాలదా అన్నదే అసలు వాదం కావాలి.

తెలుగు బడుల్లో ఈ ప్రశ్న

కాగితం మీద మన పరిస్థితి మెరుగుపడుతోంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళలను పాఠ్యాంశంగా చూడమంది. 2020 విద్యా విధానం పాఠ్య, సహపాఠ్య అంశాల మధ్య గోడ వద్దంది. 2023 చట్రం కళావిద్యకు అన్ని దశల్లోనూ చోటిచ్చింది. దాని ప్రకారం ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి సంగీతం, నృత్యం, నాటకం, చిత్రలేఖనం కలిపి ‘బాంసురి’ అనే పుస్తకం తెచ్చింది. పిల్లనగ్రోవిని మాత్రం ఎవరి బడి వారు వెతుక్కోవాలి.

చట్టంలో ఉన్న సందు ఎక్కువమంది గమనించలేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు, అదీ నూరుమందికి పైగా పిల్లలున్న బడుల్లో, కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుడిని అడుగుతుంది. ఒకటి నుంచి అయిదు వరకు అలాంటి మాటే లేదు. అంటే సంగీతానికి అనువైన వయసు ఏదని అన్ని పద్ధతులవాళ్ళూ అంటారో ఆ వయసుకే గురువు లేడు. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక స్థాయికి సంగీత ఉపాధ్యాయుల పోస్టులు ఉన్నాయి, కాబట్టి ఇది కుదరని పనేమీ కాదు. ఇద్దరు పంతుళ్ళతో అయిదు తరగతులు నడిచే పల్లె బడికి ఆ పోలిక తేవడం మాత్రం అన్యాయం.

గురువులు లేరనడమూ పూర్తిగా నిజం కాదు. విజయనగరంలో 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రధానాచార్యుడిగా మొదలైన సంగీత కళాశాల నుంచి నేటి ప్రభుత్వ సంగీత కళాశాలల దాకా, డిప్లొమా పొందినవారు ఏటా వస్తున్నారు. వారి చదువు కచేరీకి, ఒక్కొక్కరికి విడిగా నేర్పే పాఠానికి సరిపడేది. ఒకే గదిలో ముప్పైమంది చిన్నపిల్లల చేతిలో వాద్యాలు పెట్టి, గోల కాకుండా సంగీతం రాబట్టడం వేరే విద్య. దాన్ని ప్రత్యేకంగా నేర్పాలి.

ఏ వాద్యం అన్న ప్రశ్నకు ఇక్కడ రెండు శిబిరాలు. పట్టణపు ప్రైవేటు బడులు కీబోర్డు వైపు మొగ్గాయి. పరీక్షలున్నాయి, గ్రేడ్లున్నాయి, తల్లిదండ్రులకు చూపించుకోవడానికి సర్టిఫికెట్టు ఉంది. రెండో శిబిరం స్థానిక వాద్యాల గురించి మాట్లాడుతుంది: చిడతలు, తాళాలు, కోలాటపు కర్రలు, డప్పు, కిన్నెర. చిడతలు, కోలాటం కర్రలు తరగతి వాద్యాలుగా పనికొచ్చినంతగా మరేవీ పనికిరావు. పిల్లకొక జత దొరుకుతుంది, శ్రుతి బాధ లేదు, కోలాటంలో ఎదుటివాడి దెబ్బ వినకపోతే ఆట సాగదు. ఓర్ఫ్ మ్యూనిక్‌లో వెతికినది చాలావరకు మన రామభజనల్లోనే ఉంది.

డప్పు సంగతి అంత తేలిక కాదు. దాని చుట్టూ కులం ఉంది, చావు ఊరేగింపు ఉంది, వాయించమని ఆజ్ఞాపించిన చరిత్ర ఉంది. దళిత సాంస్కృతికోద్యమం దాన్ని ఆత్మగౌరవ ధ్వనిగా తిరగరాసింది. బడిలోకి తేవడం గౌరవమని ఒక వాదం. ఆ కళాకారుల్ని గురువులుగా, తగిన వేతనంతో పిలవకుండా, వీడియో చూసి దరువు నేర్పితే అది ఇంకో రకం దోపిడీ అని మరో వాదం. నాకు రెండోదే సబబుగా తోస్తుంది. అయితే గురువుగా పిలవడానికి డిగ్రీ అడ్డు రాకుండా నియామక నిబంధనలు మారాలి.

ప్రవాసంలో చిక్కు ఇంకో రకం. అమెరికా బడుల్లో చాలాచోట్ల నాలుగైదు తరగతుల్లో ఆర్కెస్ట్రా మొదలవుతుంది. తెలుగు పిల్ల అక్కడ వయొలిన్ గడ్డం కింద పెట్టుకుని, పాశ్చాత్య స్వరలిపి చూస్తూ వాయిస్తుంది. శనివారం కర్ణాటక సంగీతం క్లాసులో నేల మీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ కొసను కాలి చీలమండ దగ్గర ఆనించి, తీగలను స-ప-స-పలకు సరిచేసుకుని, లిపి లేకుండా వాయిస్తుంది. ఒకే చెక్క, రెండు సంగీతాలు. రెండూ కలిసి నడుస్తాయా, ఒకటి ఇంకోదాన్ని మింగుతుందా అన్నదానిపై గురువులే రెండు వర్గాలు.

తేలనివి

వయసు ఒకటి తేలలేదు. సుజుకి వర్గం మూడేళ్ళంటుంది, ఇంగ్లండు పథకం ఎనిమిదంటుంది, ఇద్దరి దగ్గరా ఉదాహరణలున్నాయి. లిపి ఎప్పుడన్నది మరొకటి. నిపుణుడు వారానికోసారి రావడం మేలా, ఓ మోస్తరుగా వచ్చిన తరగతి ఉపాధ్యాయుడే రోజూ పది నిమిషాలు నేర్పడం మేలా అన్నది మూడోది. మన దగ్గర డబ్బు లెక్కను బట్టి రెండోదే సాధ్యం కావచ్చు, కానీ దాన్ని సరిగా పరీక్షించాలంటే వేసవి శిక్షణలో నాలుగు రోజులు సరిపోవు.

వీటన్నిటికీ పద్ధతుల చర్చ ఎప్పటికో సమాధానం చెబుతుంది. కొనసాగింపు మాత్రం పద్ధతికి సంబంధించినది కాదు, పాలనకు సంబంధించినది. ప్రాథమిక బడిలో రెండేళ్ళు వేణువు నేర్చుకున్న పిల్ల అయిదో తరగతి అయ్యాక మండలంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వెళ్తుంది. వేణువు పాత బడి స్టాకు రిజిస్టరులో ఉంటుంది, కొత్త బడిలో సంగీతం మాస్టారు ఉండడు. పథకం రాసే అధికారి మొదటి రోజే రెండు వాక్యాలు చేర్చాలి: వాద్యం పిల్లతోపాటు వెళ్తుందని ఒకటి, నేర్పే మనిషి పని పరిధి ఒక్క బడి కాకుండా ఆ చుట్టుపక్కల బడుల సముదాయమంతా అని ఇంకొకటి. ఈ రెండూ లేకుండా ఎన్ని వేల వాద్యాలు కొన్నా, అవి మొదటి ఏడాదికే సరిపోతాయి.